స్ప్రింట్‌లో చేసిన పనికి బిజినెస్ వాల్యూ ఎలా కొలవాలి? క్లయింటు రూపాయల్లో చెప్పమంటే ఏం చెప్పాలి?

ముందు మీ ప్రశ్నను నా మాటల్లో చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. కర్నూలులో చిన్న సాఫ్ట్‌వేర్ టీం. మీరు అందులో ప్రొడక్ట్ ఓనర్, అంటే ఏం చేయాలో, ఏది ముందో తేల్చే మనిషి. మీ క్లయింటు విత్తనాలు, ఎరువుల డిస్ట్రిబ్యూటర్. ఊళ్లలో ఉండే డీలర్లు ఆయనకు ఆర్డర్లు పెట్టుకునే యాప్ మీరు చేస్తున్నారు. మీ మేనేజర్ జిరాలో (టీం పనులు రాసుకునే సాఫ్ట్‌వేర్) ప్రతి యూజర్ స్టోరీకీ (యూజర్‌కు కావలసిన ఒక చిన్న పని) ‘బిజినెస్ వాల్యూ’ అని ఒక గడి పెట్టించాడు. అందరూ అందులో 8 గానీ 13 గానీ వేసి ఊరుకుంటున్నారు. స్ప్రింట్ (రెండు వారాల పని విడత) అయ్యాక వాటన్నిటినీ కూడి క్లయింటుకు పంపితే, ఆయన “ఈ 144 ఏంది? రూపాయల్లో ఎంత?” అన్నాడు. మీ దగ్గర సమాధానం లేదు.

సూటిగా చెప్తాను. ఒక్కో స్టోరీకి బిజినెస్ వాల్యూ కొలవడం కుదరదు. కుదిరేవి రెండు. పని మొదలుపెట్టకముందు, ఏది ముందు చేయాలో తేల్చుకోవడానికి ఒక అంచనా వేసుకోవచ్చు. పని జనం చేతికి వెళ్లాక, క్లయింటు వ్యాపారంలో ఏ అంకె కదిలిందో కొలుచుకోవచ్చు. మీ 144 అనేది అంచనాల మొత్తం. దాన్ని సాధించిన ఫలితంలాగా పంపారు కాబట్టి ఆయన అడిగిన మాట న్యాయమే.

నేను బెంగళూరులో చాలా ఏళ్లు ప్రొడక్ట్ పని చేసి, ఇప్పుడు అనంతపురం నుంచే చేస్తున్నాను. పెద్ద బ్యాంకింగ్ ప్రాజెక్టుల్లోనూ ఇదే గొడవ, ఇక్కడి మండీల బిల్లింగ్‌లోనూ ఇదే గొడవ. చిన్న వ్యాపారాల్లో మనకు ఒక సుఖం ఉంది. డబ్బు ఎక్కడ కారిపోతోందో గుమాస్తా పక్కన కూర్చుంటే కంటికి కనిపిస్తుంది. బ్యాంకులో అది తెలుసుకోవడానికి నాలుగు డిపార్ట్‌మెంట్ల అనుమతి కావాలి.

కూడిన పాయింట్లు ఎందుకు పనికిరావు

2001లో 17 మంది సాఫ్ట్‌వేర్ మనుషులు కూర్చుని రాసుకున్న ఎజైల్ (చిన్న విడతల్లో సాఫ్ట్‌వేర్ చేసే తీరు) మానిఫెస్టో సూత్రాల్లో మొట్టమొదటిది, విలువైన సాఫ్ట్‌వేర్‌ను త్వరగా, ఆగకుండా ఇస్తూ కస్టమర్‌ను తృప్తి పరచడం. కిందికి వెళ్తే, పని చేసే సాఫ్ట్‌వేరే పురోగతికి ముఖ్యమైన కొలత అని ఇంకో సూత్రం ఉంది. చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు. సాఫ్ట్‌వేర్ పని చేస్తోందంటే మనం ముందుకు కదిలామని అర్థం. దానివల్ల ఎవరికైనా లాభం కలిగిందా అనేది ఆ వాక్యంలో లేదు. స్ప్రింట్లతో పని చేసే స్క్రమ్ పద్ధతికి మూలమైన 2020 స్క్రమ్ గైడ్ కూడా ప్రొడక్ట్ విలువను వీలైనంత పెంచే బాధ్యత ప్రొడక్ట్ ఓనర్‌దే అని మీ మెడకు తగిలిస్తుంది కానీ, దాన్ని లెక్కకట్టే ఫార్ములా ఏమీ ఇవ్వదు. అందులో స్టోరీ పాయింట్ల ఊసే లేదు.

స్టోరీ పాయింట్లు పుట్టింది పని ఎంత పెద్దదో అంచనా వేయడానికి. ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే ఎజైల్ పద్ధతి తొలినాళ్లలో ఉన్న రాన్ జెఫ్రీస్, వాటిని బహుశా తానే కనిపెట్టి ఉంటానని, అదే నిజమైతే ఇప్పుడు సారీ అని రాసుకున్నాడు. మీరు వాటికి తమ్ముడిలా ‘వాల్యూ పాయింట్లు’ తెచ్చారు. మొదటి నెల బాగానే ఉంటుంది. ‘పోయిన స్ప్రింట్ 120, ఈ స్ప్రింట్ 144’ అని ఎవరో స్లైడ్‌లో పెట్టిన రోజు నుంచి 5 వేయాల్సిన చోట 8, 8 వేయాల్సిన చోట 13 పడతాయి. ఎవరూ కావాలని మోసం చేయరు. గడి అలా అడుగుతుంది, వీళ్లు అలా నింపుతారు. చార్లెస్ గుడ్‌హార్ట్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త 1975లో ద్రవ్య విధానం గురించి చెప్పిన సంగతి ఇదే: ఒక కొలతను పట్టుకుని జనాన్ని నడపబోతే ఆ కొలతే చెడిపోతుంది.

ఇంకో చిక్కు ఉంది. విలువ స్టోరీలో ఉండదు, నాలుగైదు స్టోరీలు కలిసి ఒక మనిషి పని మారినప్పుడు వస్తుంది. ‘డీలర్‌కి ఓటీపీ రావాలి’ అనే స్టోరీ విలువ ఎంత? ఒంటరిగా సున్నా. అది లేకపోతే యాప్ మొత్తం సున్నా. ఇలాంటి దానికి 13 వేసినా 1 వేసినా అబద్ధమే. అందుకే అంచనా అయినా, కొలత అయినా ఎపిక్ (ఒకే లక్ష్యం కోసం కలిసిన స్టోరీల గుంపు) స్థాయిలో పెట్టుకోండి. స్టోరీలకు సైజు చాలు.

దగ్గర నుంచి చూసిన ఒక సంగతి

అనంతపురంలో ఒక చీనీ (బత్తాయి) మండీకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేశాం. గార్లదిన్నె, నార్పల, పుట్లూరు వైపు నుంచి రైతులు కాయలు తెస్తారు. వేలం అవుతుంది, కాటా అవుతుంది, ఆ తర్వాత పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) కోసం కూర్చుంటారు. పట్టీలో తూకం, టన్ను రేటు, సూటు (తూకంలో తీసేసే తరుగు), హమాలీ, బాడుగ, కమీషను, ముందు తీసుకున్న అడ్వాన్సు, చివర చేతికొచ్చే మొత్తం ఉంటాయి. గుమాస్తా కాటా చీటీ చూసి తూకం కంప్యూటర్‌లో కొడతాడు. అడ్వాన్సు మాత్రం వేరే పుస్తకంలో వెతుకుతాడు.

ఓనరు అడిగింది డ్యాష్‌బోర్డు. ఈరోజు ఎన్ని టన్నులు దిగాయి, రేటు ఎంత పలికింది, ఇవన్నీ ఫోన్‌లో రంగురంగుల గీతల్లో కనిపించాలి. మా బ్యాక్‌లాగ్‌లో (చేయాల్సిన పనుల జాబితాలో) దానికి వాల్యూ 13 పడింది. కాటా నుంచి తూకం నేరుగా పట్టీలోకి రావాలన్న కోరికకు 3 పడింది, ఎందుకంటే అది అడిగింది గుమాస్తా. పని చూసి అంకె పడలేదు, అడిగినవాళ్ల కుర్చీ చూసి పడింది. మీ జిరా తెరిచి చూడండి, 13 పడిన వాటిలో సగం ఓనరు నోటి నుంచి వచ్చినవే ఉంటాయి.

నేను గుమాస్తా పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, కాటా చీటీ మీద ఉన్న టైము, పట్టీ రైతు చేతికిచ్చిన టైము పక్కపక్కన రాసుకుంటూ పోయాను. చాలామందికి గంటకు పైగా పడుతోంది. అందులో టైపు కొట్టే టైము కొంచెమే. మిగతాదంతా అడ్వాన్సు పుస్తకం ఎవరి దగ్గరుందో వెతకడం, తూకంలో ఒక అంకె తప్పు పడితే పట్టీ చించి మళ్లీ కొట్టడం. సాయంత్రం అయ్యేసరికి ఒక పెద్దాయన లేచి, “సామీ, బస్సు పోతాది. లెక్క మళ్ల చూసుకుందాం, ఇంతని ఇచ్చి పంపు” అన్నాడు. గుమాస్తా ఉజ్జాయింపుగా కొంత ఇచ్చి పంపాడు. ఈ ఉజ్జాయింపు చెల్లింపులే నెలాఖరుకు తేలని లెక్కలై, ఓనరుకూ రైతుకూ మాటామాటా పెరిగే దాకా వెళ్తున్నాయి.

దాంతో కొలవాల్సినవి మూడు తేలాయి. కాటా నుంచి పట్టీ దాకా పట్టే టైము. నూరు పట్టీల్లో చించినవి ఎన్ని. నెలాఖరుకు తేలకుండా మిగిలిన చెల్లింపులు ఎన్ని. వీటిలో ఏదీ సాఫ్ట్‌వేర్ అంకె కాదు, మూడూ మండీ అంకెలు. ఓనరుకు చెప్పగానే “ఈ మూడోది నా ప్రాణం తీస్తోంది” అన్నాడు. అంతకుముందు దాని గురించి మాతో ఒక్క ముక్క మాట్లాడలేదు, ఎందుకంటే అది సాఫ్ట్‌వేర్‌తో తీరే సమస్య అని ఆయనకు తోచలేదు.

కాటాను కంప్యూటర్‌కు కలిపాం. చించిన పట్టీలు దాదాపు పోయాయి. కానీ టైము మేం అనుకున్నంత తగ్గలేదు, ఎందుకంటే అడ్వాన్సు పుస్తకం ఇంకా బయటే ఉంది. కొలిచాం కాబట్టే తర్వాతి పని అడ్వాన్సు ఖాతా అని తేలింది. దానికి మీటింగే అవసరం పడలేదు. కొలత వల్ల అసలు ఉపయోగం ఇదే, రిపోర్టులో గొప్పగా చెప్పుకోవడం ఆ తర్వాతి మాట. డ్యాష్‌బోర్డు కూడా చివరికి చేశాం. ఓనరు కొన్నాళ్లు తెరిచి చూశాడు. ఆ తర్వాత రోజూ సాయంత్రం గుమాస్తా వాట్సాప్‌లో పంపే ఒక్క లైను మెసేజే ఆయనకు సరిపోయింది.

రేటు పెరిగితే అది మీ గొప్ప కాదు

అదే మండీలో ఇంకో సంగతి. డ్యాష్‌బోర్డు ఇచ్చాక మండీ కమీషను ఆదాయం పెరిగింది. మా సేల్స్ మనిషి వెంటనే దాన్ని మా సాఫ్ట్‌వేర్ ఖాతాలో వేసి కొత్త క్లయింట్లకు చూపిద్దామన్నాడు. ఆ రోజుల్లో చీనీ రేటు పైకి పోతోంది. కమీషను అమ్మిన విలువ మీద శాతం. టన్ను రేటు పెరిగితే మండీలో ఎవరూ వేలు కదపకపోయినా ఆదాయం పెరుగుతుంది, పడిపోతే మీరు ఎంత మంచి సాఫ్ట్‌వేర్ ఇచ్చినా తగ్గుతుంది. పెరిగినప్పుడు మీ ఖాతాలో వేసుకుంటే తగ్గినప్పుడు కూడా వేసుకోవాల్సి వస్తుంది.

కాబట్టి మీరు ఎంచుకునే అంకె రేటుతోనూ, సీజన్‌తోనూ ఊగకూడదు. మొత్తం అమ్మకాలు, మొత్తం ఆర్డర్లు వద్దు. నూరు ఆర్డర్లలో ఎన్ని క్యాన్సిల్, ఒక బిల్లు వసూలుకు ఎన్ని రోజులు, ఒక ఆర్డరుకు ఎన్ని ఫోన్లు ఇలాంటి నిష్పత్తులు తీసుకోండి. మీ విత్తనాల వ్యాపారంలో ఇది మరీ ముఖ్యం. ఖరీఫ్ ముందు ఆర్డర్లు వాటంతట అవే ఎగబాకుతాయి. ఏప్రిల్‌తో జూన్‌ను పోల్చి ‘మా యాప్ వల్ల మూడు రెట్లు పెరిగింది’ అని రాస్తే ఆయన నవ్వుతాడు.

వీలైతే ఒకేసారి అందరికీ ఇవ్వకండి. ఆదోని వైపు డీలర్లకు ముందు ఇచ్చి, అవే వారాల్లో డోన్ వైపు డీలర్లతో పోల్చండి. పంటలు, వానలు రెండు చోట్లా ఒకేలా ఉండవు కాబట్టి ఇది పక్కా ప్రయోగం కాదు, కానీ పోయిన నెలతో పోల్చడం కన్నా చాలా నయం. ఏ/బీ టెస్టింగ్ (యూజర్లను రెండు గుంపులు చేసి రెండు రకాలు ఇచ్చి పోల్చడం) అనే పెద్ద మాట మీ మేనేజర్ అంటే, దానికి వేల మంది యూజర్లు కావాలని చెప్పండి. రెండు మూడు వందల డీలర్లతో చిన్న తేడాలు తేలవు.

మీ క్లయింటుకు డబ్బు ఏ దారిలో వస్తుంది?

ఈ ప్రశ్న వేసుకోకుండా వాల్యూ అంచనా వేస్తే అది జోస్యమే. విత్తనాలు, ఎరువుల వ్యాపారంలో ధర పెంచి సంపాదించే దారి చాలావరకు మూసుకుపోయి ఉంటుంది. బీటీ పత్తి విత్తనం ప్యాకెట్‌కు గరిష్ఠ ధర కేంద్రమే ప్రకటిస్తుంది, యూరియా బస్తా ధర కూడా కేంద్రం కట్టిందే. అందుకని మీ క్లయింటుకు మిగిలిన దారులు మూడే. చేతికొచ్చిన అమ్మకం జారిపోకూడదు. డీలర్ల దగ్గర బాకీ త్వరగా రావాలి. లారీ తిప్పటం, ఫోన్లు, తప్పు బిల్లులు లాంటి ఖర్చు తగ్గాలి. మీ బ్యాక్‌లాగ్‌లో ఉన్న ప్రతి ఎపిక్‌నూ ఈ మూడింట్లో ఒకదానికి ముడిపెట్టండి. ముడి పడనిది ఏదైనా ఉంటే, అది చట్టం కోసమో, భద్రత కోసమో అయి ఉండాలి. రెండూ కాకపోతే అది ఎవరి సరదా కోసమో అడగండి.

ఏది ముందు చేయాలో రూపాయల్లో చెప్పొచ్చు

ఇక్కడ రూపాయలు పనికొస్తాయి. ‘ఈ ఫీచర్ విలువ ఎంత’ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. ‘ఇది ఒక వారం ఆలస్యమైతే ఎంత పోతుంది’ అని అడిగితే డిస్ట్రిబ్యూటర్ అరనిమిషంలో చెప్తాడు. దీన్నే కాస్ట్ ఆఫ్ డిలే అంటారు. ప్రొడక్ట్ డెవలప్‌మెంట్ మీద ఎక్కువ పని చేసిన డొనాల్డ్ రైనర్ట్‌సెన్ ఒకే ఒక్కటి లెక్కకట్టాలంటే దీన్నే కట్టమంటాడు.

లెక్క కోసం రెండు ఎపిక్‌లు తీసుకుందాం, అంకెలు ఊహించినవే. ఒకటి, ఆర్డరు పెట్టే ముందే డీలర్‌కు గోడౌన్ స్టాక్ కనిపించడం. స్టాక్ లేక వారానికి 6 ఆర్డర్లు క్యాన్సిల్ అవుతున్నాయి, ఒక్కోదాని మీద మిగిలేది 1,000 అనుకుంటే వారానికి 6,000 పోతోంది. పని 2 వారాలు. రెండోది, బాకీ గడువు దాటకముందే డీలర్‌కూ సేల్స్ మనిషికీ గుర్తుచేయడం. దీనివల్ల 52 లక్షల బాకీ వేళకు వస్తుందని, ఆ డబ్బుకు ప్రస్తుతం ఏడాదికి 10 శాతం ఓడీ (బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్) వడ్డీ కడుతున్నాడని అనుకుంటే, ఏడాదికి 5 లక్షల 20 వేలు, అంటే వారానికి 10,000. పని 5 వారాలు.

అందరూ వారానికి 10,000 ఇచ్చేదే ముందు చేద్దామంటారు. లెక్క వేయండి. బాకీల పని ముందు చేస్తే అది 5 వారాలు ఆలస్యం, 50,000 పోయినట్టు. స్టాక్ పని 7వ వారం చివర వస్తుంది, 42,000 పోయినట్టు. మొత్తం 92,000. స్టాక్ ముందు చేస్తే దాని మీద 12,000, బాకీల మీద 70,000, మొత్తం 82,000. వరస మార్చినందుకే 10,000 మిగిలింది. వారం నష్టాన్ని పని వారాలతో భాగిస్తే స్టాక్‌కు 3,000, బాకీలకు 2,000. పెద్ద అంకె వచ్చింది ముందు చేయాలి. సేఫ్ ఫ్రేమ్‌వర్క్ (పెద్ద సంస్థల కోసం చేసిన ఎజైల్ పద్ధతి) వాడే కంపెనీల్లో డబ్ల్యూఎస్‌జేఎఫ్ (వెయిటెడ్ షార్టెస్ట్ జాబ్ ఫస్ట్) అని పిలిచేది ఈ భాగహారాన్నే. అక్కడ రూపాయలకు బదులు బిజినెస్ వాల్యూ, టైము ఒత్తిడి, రిస్కు తగ్గింపు అనే మూడు పాయింట్లు కూడి, పని సైజుతో భాగిస్తారు. రూపాయలు దొరికే చోట పాయింట్లు వేయడం ఎందుకో నాకు అర్థం కాదు. రూపాయల్లో తప్పు పడితే క్లయింటు “కాదు, అంత మిగలదు” అని దిద్దుతాడు. 13 పడితే ఎవరు దిద్దుతారు?

అయితే ఆలస్యం నష్టం ప్రతిచోటా వారానికింత అని ఒకే తీరుగా పోదు. మీ స్టాక్ ఎపిక్‌నే చూడండి. పత్తి విత్తనం మీ ప్రాంతంలో అమ్ముడయ్యేది మే నుంచి జూలై దాకా. పదును పడ్డాక రైతు ఆగడు, ఒక షాపులో లేకపోతే పక్క షాపులో వేరే కంపెనీ ప్యాకెట్ కొని విత్తేస్తాడు. ఆగస్టులో ఈ ఫీచర్ ఇస్తే పత్తి విషయంలో దాని విలువ మళ్లీ మే దాకా దాదాపు సున్నా. ఏప్రిల్‌లో ఉన్నారంటే భాగహారం అక్కర్లేదు, అదే ముందు. సెప్టెంబర్‌లో ఉన్నారంటే బాకీలే ముందు.

ఇంకో రకం గడువు గోడలాంటిది. తాడిపత్రి వైపు ఒక బండల ఫ్యాక్టరీకి బిల్లింగ్ చేస్తున్నప్పుడు జీఎస్టీ ఇ-ఇన్‌వాయిస్ (బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం) వచ్చింది. 2020 అక్టోబర్ 1న 500 కోట్ల టర్నోవర్ దాటిన వాళ్లతో మొదలుపెట్టి, 100, 50, 20, 10 కోట్లంటూ దిగుతూ, 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు దాటిన వాళ్లకూ తప్పనిసరి చేశారు. మా డెవలపర్లు దానికి వాల్యూ 5 వేశారు, యూజర్లు ఎవరూ అడగలేదు కదా అని. ఆ తేదీ ముందు రోజు దాకా దాని విలువ నిజంగానే సున్నా. తేదీ దాటాక ఐఆర్‌ఎన్ (ఆ పోర్టల్ ఇచ్చే నంబరు) లేని బిల్లును చట్టం ఇన్‌వాయిస్‌గా ఒప్పుకోదు, ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తన పన్నులోంచి తగ్గించుకునే వీలు) పోతుందని కొనేవాడు సరుకు దించుకోడు. అంటే రోజూ బయటికి వెళ్లే లారీలన్నిటి విలువా ఆ ఒక్క ఎపిక్ మీదే ఉంది. ఇలాంటివాటిని మిగతా వాటితో పోల్చవద్దు. గడువు నుంచి వెనక్కి లెక్కపెట్టి మొదలుపెట్టే తేదీ వేసుకోండి, అంతే.

బ్యాకప్, టెస్టులు, పాత కోడ్ శుభ్రం చేయడం

దీనికి విలువ చూపించలేక చాలా టీంలు దొంగచాటుగా చేస్తాయి. అక్కర్లేదు. జూన్‌లో సర్వర్ ఒక పూట ఆగితే ఎంత పోతుందో క్లయింటునే అడగండి. ఆయన 2 లక్షలు అన్నాడనుకోండి. మీ లీడ్ డెవలపర్‌ను అడిగితే, ఇప్పుడున్న పరిస్థితిలో ఈ సీజన్‌లో అలా జరగడానికి పదిలో మూడు వంతుల అవకాశం ఉందన్నాడనుకోండి. 60,000 రిస్కు. దాన్ని పదిలో ఒక వంతుకు దించే పని విలువ 40,000. ఇది కచ్చితమైన లెక్క కాదు, కానీ “టెక్నికల్ డెట్ సార్” అన్నదానికన్నా ఆయనకు బాగా ఎక్కుతుంది.

మీ అంచనాల్లో సగానికి పైగా తప్పుతాయి, అది ముందే చెప్పండి

మైక్రోసాఫ్ట్‌లో ఆన్‌లైన్ ప్రయోగాలు నడిపిన రాన్ కోహావి బృందం బయటపెట్టిన సంగతి ఇది: బాగా ఆలోచించి కట్టిన ఫీచర్లలో కూడా, ఏ అంకెను పెంచాలని చేశారో ఆ అంకెను నిజంగా పెంచినవి సుమారు మూడింట ఒక వంతే. మిగతావాటిలో కొన్ని ఏ తేడా తేలేదు, కొన్ని అంకెను కిందికి లాగాయి. అంత డేటా, అంతమంది జనం ఉన్న చోట పరిస్థితి అది. దీన్ని క్లయింటుకు మొదట్లోనే చెప్పి పెట్టండి. లేకపోతే మొదటి ఫీచర్ పారనప్పుడు మీరు అంకెలు దాచడం మొదలుపెడతారు.

ఫీచర్లలో 64 శాతం ఎవరూ వాడరనే లెక్క కూడా మీకు ఎక్కడో కనబడుతుంది, ప్రతి ప్రజెంటేషన్‌లో ఉంటుంది. 2002లో స్టాండిష్ గ్రూప్ అనే అమెరికా రీసెర్చ్ సంస్థ చెప్పిన 45, 19 శాతాలను కూడితే వచ్చిన అంకె అది. దాని వెనక ఉన్నది నాలుగు కంపెనీల సొంత అప్లికేషన్లు మాత్రమే. పైగా ఆ 19 ‘ఎప్పుడూ వాడనివి’ కాదు, ‘అరుదుగా వాడేవి’. ఏడాదికొకసారి వాడే స్టాక్ క్లోజింగ్ రిపోర్టు అరుదైనదే, కానీ అది లేకపోతే మార్చి 31న మీకు నిద్ర ఉండదు. వాడకం ఎక్కువైతే విలువ ఎక్కువ అనుకోవద్దు. యాప్‌లో ఎక్కువసేపు గడపడం మీ డీలర్‌కు నష్టమే, ఆయన షాపులో గిరాకీ నిలబడి ఉంటుంది.

మరి జిరాలో ఆ గడిని ఏం చేయాలి?

స్టోరీల మీద నుంచి తీసి ఎపిక్ మీదికి మార్చండి. అంకెకు బదులు మాటల్లో రాయించండి. నేను రాయించే తీరు ఇది:

“నూరు ఆర్డర్లలో 9 స్టాక్ లేక క్యాన్సిల్ అవుతున్నాయి. ఆర్డరు పెట్టేముందే స్టాక్ చూపిస్తే అవి 4కు తగ్గుతాయని అనుకుంటున్నాం. ఆలస్యమైతే వారానికి సుమారు 6,000 నష్టం, సీజన్‌లో ఎక్కువ. ఇచ్చిన ఆరు వారాలకు బిల్లింగ్ డేటాలో చూస్తాం. చూసేది ఫలానా.”

ఇందులో ‘ఇప్పుడు ఎంత ఉంది’ అన్న మొదటి వాక్యమే చాలా టీంలు వదిలేస్తాయి. పని అయ్యాక పాత అంకె కావాలంటే దొరకదు. డెవలప్‌మెంట్ మొదలుపెట్టకముందే పాత అంకె తీసి పెట్టుకోండి, దానికి ఒక రోజు పోయినా ఫరవాలేదు. చివర ‘చూసేది ఫలానా’ అన్నచోట ఒక మనిషి పేరు ఉండాలి. టీం అని రాస్తే ఎవరూ చూడరు.

స్ప్రింట్ రివ్యూలో ఈ స్ప్రింట్ వాల్యూ చెప్పమని అడిగితే, రెండు నెలల కింద ఇచ్చినదాని ఫలితం చెప్పండి. ఈ రెండు వారాల్లో చేసినది ఇంకా ఎవరి చేతా పడలేదు, దానికి ఫలితం ఉండదు. క్లయింటుకు పంపే మెయిల్ ఇలా ఉంటే చాలు: “మార్చిలో ఇచ్చిన స్టాక్ స్క్రీన్ వల్ల క్యాన్సిల్ అయ్యే ఆర్డర్లు నూరుకు 9 నుంచి 6కు వచ్చాయి. 4 అనుకున్నాం, రాలేదు. మిగిలినవి ఎక్కువగా గోడౌన్‌లో స్టాక్ ఎంట్రీ సాయంత్రం దాకా పడకపోవడం వల్ల. తర్వాతి పని అదే చేద్దామా?” మీ 144కు బదులు ఇది పంపితే ఆయన రూపాయలు తనే లెక్క వేసుకుంటాడు. ఆ లెక్క ఆయన వేస్తేనే మంచిది కూడా. మార్జిన్ ఎంతో తెలిసింది ఆయనకే, మనం వేస్తే నమ్మడు.

మీ మేనేజర్‌కు ఫ్రేమ్‌వర్క్ పేరు లేకపోతే మనసు ఊరుకోదనుకుంటే, స్క్రమ్ డాట్ ఆర్గ్ వాళ్ల ఎవిడెన్స్ బేస్డ్ మేనేజ్‌మెంట్ చూపించండి. ఇప్పుడు అందుతున్న విలువ, ఇంకా అందని విలువ, మార్కెట్‌కు చేర్చే వేగం, కొత్తది చేయగల సత్తా అని నాలుగు కోణాల్లో చూడమంటుంది. చెడ్డది కాదు, కానీ నాలుగింటికీ ఒకేసారి పట్టికలు గీయకండి. ఒక ఎపిక్‌తో మొదలుపెట్టండి.

రెండు జాగ్రత్తలు. ఈ అంకెలను ఎవరి అప్రైజల్‌కూ ముడిపెట్టనివ్వకండి, పెట్టిన మరుసటి నెలే ‘9 నుంచి 4’ అని రాసేవాళ్లు ‘9 నుంచి 8’ అని రాస్తారు. ఇంకొకటి, మీది గంటలకు బిల్లు వేసే కాంట్రాక్ట్ అయితే, పని తగ్గించే సలహా మీ కంపెనీ ఆదాయం తగ్గిస్తుంది. మేనేజర్‌కు ఈ కొలత ఎందుకు నచ్చడం లేదో అర్థం కాకపోతే, ముందు కాంట్రాక్ట్ తీసి చదవండి.

ఇక చిన్న బగ్గులు, స్క్రీన్ మీద పేరు మార్చడం, లోగో మార్చడం లాంటివాటికి ఏ వాల్యూ రాయకండి. రెండు రోజుల లోపు అయిపోయే పనికి విలువ ఎంతో చర్చించే మీటింగ్ ఖర్చే ఆ పనికన్నా ఎక్కువ. వారానికి కొంత టైము వాటికి పక్కన పెట్టి, వచ్చిన వరుసలో చేసేయండి.